యుద్ధం ఒకటే, ముగింపు తేదీలు ఇన్నెందుకు?

సందేహాలరావు
పోటీ పరీక్షలకు చదువుతున్న మా తమ్ముడి పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం 1945 సెప్టెంబరు 2న ముగిసిందని ఉంది. మరో పుస్తకంలో ఆగస్టు 15. పశ్చిమ యూరప్ వాళ్ళు మే 8 అంటారు, రష్యా వాళ్ళు మే 9 అంటారు. అండమాన్‌లో జపాన్ సైన్యం లాంఛనంగా లొంగిపోయింది అక్టోబరులో అని ఈమధ్యే చదివాను. పైవాళ్ళు సంతకం పెట్టాక కింద పోరు ఎందుకు ఆగదు? కబురు అందకపోవడమేనా కారణం? ఆ రోజుల్లో రేడియో ఉంది కదా మరి! తెలిసినవాళ్ళు విడమరచి చెప్పండి. తేదీల పట్టిక మాత్రం ఇవ్వకండి, అది నా దగ్గర ఉంది.

తంతివార్త
కారణం చాలావరకు కబురే. దీనికి మనకు దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోకి ఫ్రాన్స్, స్పెయిన్, హాలండ్ దిగాక అది కరీబియన్, జిబ్రాల్టర్, మన కోరమండల్ తీరం దాకా పాకింది. అమెరికా గడ్డ మీద పెద్ద పోరు 1781 అక్టోబరులో యార్క్‌టౌన్‌తో దాదాపు అయిపోయింది. బ్రిటన్, ఫ్రాన్స్ 1783 జనవరి 20న వెర్సాయ్‌లో ప్రాథమిక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తమిళనాడు తీరంలోని కడలూరులో మాత్రం ఆ జూన్ నెలంతా రక్తం పారింది. 13న కోట బయట నేల మీద యుద్ధం, 20న సముద్రం మీద రెండు నౌకాదళాల మధ్య ఫిరంగుల పోరు, 25న కోటలోని ఫ్రెంచివాళ్ళు బయటికి వచ్చి దాడి. నెలాఖరుకు శాంతి కబురుతో ఒక ఇంగ్లీషు ఓడ తెల్లజెండా ఎగరేసుకుంటూ వచ్చాకనే అది ఆగింది. కోటలో ఉన్న ఫ్రెంచి సేనాని ఎవరనుకున్నారు? బుస్సీ. 1757లో బొబ్బిలి కోట మీదికి వచ్చిన బుస్సీయే, వయసు మీరి, ఒంట్లో బాగోలేని స్థితిలో మళ్ళీ ఇటు వచ్చాడు.

ఇంకో సంగతి. ఈ ఆలస్యం తప్పదని వాళ్ళకు ముందే తెలుసు. ఒప్పందంలోనే రాసుకున్నారు. ఒప్పందం ఖరారైన రోజు నుంచి లెక్కపెట్టి, ఇంగ్లిష్ చానెల్, ఉత్తర సముద్రాల్లో పన్నెండు రోజుల తర్వాత పట్టుకున్న ఓడల్ని తిరిగి ఇచ్చేయాలి. అక్కడి నుంచి కానరీ దీవుల దాకా గడువు ఒక నెల, భూమధ్యరేఖ దాకా రెండు నెలలు, ప్రపంచంలో మిగతా అన్ని చోట్లా అయిదు నెలలు. మనం ఆ ‘మిగతా అన్ని చోట్ల’లో ఉన్నాం. ఒక్కో ప్రాంతంలో ఒక్కో తేదీకి యుద్ధం ముగియడమన్నది అప్పట్లో పొరపాటు కాదు, ఒప్పందంలో ఒక షరతు.

గోదారిగట్టు
అయిదు నెలల పాటు చట్టబద్ధంగా దోచుకోవచ్చన్నమాట. ఓడల కెప్టెన్లకు పండగే.

పాతపటం
తంతివార్త గారూ, కడలూరు కథ మీరు ఆపిన చోటనే అసలు సంగతి మొదలవుతుంది. ఓడ వచ్చింది, ఫ్రెంచివాళ్ళు ఆగారు. మరి టిప్పు?

హైదర్ అలీ 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గర చనిపోయాడు. టిప్పు పడమటి తీరానికి వెళ్ళి మంగళూరు కోటను ముట్టడించాడు. శాంతి వార్త రాగానే ఆయన పక్షాన పోరాడుతున్న ఫ్రెంచి దళం తప్పుకుంది. ఆయన తప్పుకోలేదు. మధ్యలో కొంతకాలం కాల్పుల విరమణ నడిచినా ముట్టడి ఎత్తలేదు. 1784 జనవరిలో కోట లొంగింది, మార్చి 11న మంగళూరు ఒప్పందం జరిగింది. ఆయనకు కబురు అందలేదా? అందరికంటే ముందే అంది ఉంటుంది, ఫ్రెంచివాళ్ళు గుడారంలోనే ఉన్నారు. కానీ వెర్సాయ్‌లో సంతకం పెట్టినవాళ్ళలో ఆయన లేడు, ఆయన ఈస్టిండియా కంపెనీతో పోరాడుతున్న కారణాలకు అమెరికాతో సంబంధమూ లేదు. లండన్, పారిస్‌లకు అది ఒకే యుద్ధం. మైసూరుకు అది తన యుద్ధం.

కాబట్టి నేను అడిగే ప్రశ్న వేరు: సంతకం ఎవరిది, అది ఎవరిని కట్టేస్తుంది? దాన్ని వదిలేసి తంతి తీగలు లెక్కపెడితే సగం కూడా అర్థం కాదు. తంతి, వైర్‌లెస్ రెండూ ఉన్న 1918నే, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదినే, తీసుకోండి.

మాస్టారు_బందరు
1918 ప్రస్తావన వచ్చింది కాబట్టి నేను అందుకుంటాను. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నవంబరు 11 పదకొండు గంటలకు తుపాకులు ఆగిపోయాయని అందంగా చెప్పేస్తాం. అది పశ్చిమ రంగం తేదీ మాత్రమే. బల్గేరియా సెప్టెంబరు 29న సలోనికాలో చేతులెత్తేసింది. టర్కీ అక్టోబరు 30న ముద్రోస్ రేవులో ఒక బ్రిటిష్ యుద్ధనౌక మీద సంతకం చేసింది. ఆస్ట్రియా-హంగరీ నవంబరు 3న పాడువా దగ్గర ఒక భవనంలో ఇటలీతో ఒప్పుకుంది. ఎదుటి పక్షంలో ఉన్న రష్యా అంతకుముందు మార్చిలోనే బ్రెస్ట్-లిటోవ్‌స్క్‌లో బయటికి వెళ్ళిపోయింది. జర్మనీ కూటమి ఒక్కటే గాని, ఎవరి ఓటమి వారిదే. ఎవరి సైన్యం ముందు విరిగితే వాళ్ళు ముందు సంతకం పెట్టారు.

ఆస్ట్రియా వాళ్ళ సంగతి మరీ విషాదం. ఒప్పందం ప్రకారం కాల్పులు ఆగాల్సింది నవంబరు 4 మధ్యాహ్నం మూడు గంటలకు. ఆస్ట్రియా అధినాయకత్వం తన సైన్యాన్ని ముందురోజే ఆగిపొమ్మంది. ఇటలీ వాళ్ళు గడువు దాకా ముందుకు నడుస్తూనే ఉన్నారు. ఆయుధాలు దించేసి నిలబడిన లక్షల మంది బందీలయ్యారు. ఒకే ఒప్పందం, ఒకే రంగం, అటువైపు ఒక తేదీ, ఇటువైపు ఒక తేదీ!

కబురు అందక సాగిన పోరు ఒకటుంది, అది తూర్పు ఆఫ్రికాలో. జర్మన్ సేనాని లెట్టో-వోర్బెక్ నాలుగేళ్ళు చేతికి చిక్కకుండా తిరిగాడు. 1914 నవంబరులో టాంగా రేవులో మన భారతీయ దళాలను ఘోరంగా ఓడించినవాడు ఈయనే. 1918 నవంబరు 13న ఇప్పటి జాంబియాలోని కసామా ఊరిని పట్టుకున్నాడు. యుద్ధం ముగిసి అప్పటికి రెండు రోజులు. మర్నాడు చాంబేషి నది దగ్గర బ్రిటిష్ వాళ్ళు తెలియజేస్తే గాని ఆయనకు తెలియలేదు. ఆయుధాలు అప్పగించింది నవంబరు 25న.

తంతివార్త
చూశారా మాస్టారూ, కబురే!

పాతపటం
చాంబేషి మీకు ఇచ్చేస్తున్నాను. మదీనాను ఏం చేస్తారు?

ముద్రోస్ ఒప్పందం వార్త ఫఖ్రీ పాషాకు చక్కగా అందింది. మదీనాలో ఉన్న తుర్కీ సేనాని ఆయన. ప్రవక్త నగరాన్ని అప్పగించనని పట్టుబట్టాడు. సుల్తాను ప్రభుత్వం ఆదేశించినా కదల్లేదు. చివరికి 1919 జనవరిలో ఆయన కింది అధికారులే ఆయన్ని పట్టి అప్పగించాల్సి వచ్చింది. రెండున్నర నెలలు ఆగింది కబురు కోసం కాదు.

ఇక ఇప్పటి ఇరాక్‌లోని మోసుల్. ముద్రోస్ విరమణ అమల్లోకి వచ్చేటప్పటికి బ్రిటిష్ సైన్యం ఇంకా మోసుల్ దాకా చేరలేదు. ఆ సైన్యంలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. విరమణ తర్వాత కూడా నడక ఆపలేదు, నవంబరు రెండో వారానికల్లా నగరం వాళ్ళ చేతిలో ఉంది. తుర్కీ దాన్ని ఒప్పుకోలేదు, ఆ తగువు 1926 దాకా సాగింది. విరమణ రేఖ ఎక్కడ గీస్తారో రేపటి సరిహద్దు అక్కడ పడుతుంది. ఆ సంగతి తెలిసినవాడు చివరి గంటలో ఎందుకు ఆగుతాడు?

నిశాచరి
సరిహద్దు కోసం పోరాడటం అర్థమవుతుంది. ఫ్రాన్స్‌లో ఏముంది? నవంబరు 11 తెల్లవారుజామున అయిదు గంటలకు సంతకాలైపోయాయి, పదకొండింటికి ఆగాలి. మధ్యలో ఆరు గంటలు. ఆ ఒక్కరోజులో రెండు వైపులా కలిపి రెండువేల పైచిలుకు మంది చనిపోయారు. అమెరికా సిపాయి హెన్రీ గుంథర్ చనిపోయింది పది యాభై తొమ్మిదికి. స్టెనే అనే ఊళ్ళో స్నానాల ఏర్పాట్లు ఉన్నాయని విని, దాన్ని పట్టుకోమని తన మనుషుల్ని ఆ ఉదయమే పంపిన అమెరికా జనరల్ కూడా ఉన్నాడు. ఇదేం లెక్క?

మాస్టారు_బందరు
ఆరు గంటలు ఇచ్చింది వందల మైళ్ళ రంగంలో చిట్టచివరి కందకం దాకా ఆజ్ఞ చేరాలని. ఆ లెక్కన తంతివార్త గారి వాదన కొంత నిలబడుతుంది. కానీ కింది సేనానులకు ‘పదకొండింటికి ఆపండి’ అన్న ఆజ్ఞ వచ్చింది, ‘అంతవరకు ఏం చేయాలి’ అన్న ఆజ్ఞ రాలేదు. కొందరు తమవాళ్ళను కందకాల్లోనే కూర్చోబెట్టారు. కొందరు విరమణ నిలబడదేమోనన్న అనుమానంతో, కొందరు పేరు కోసం ముందుకు తోశారు. పక్కపక్క దళాల్లోనే ఒకచోట ఉదయం ఆరింటికి యుద్ధం అయిపోయింది, ఇంకోచోట పదకొండు దాకా నడిచింది.

విశాఖతీరం
అసలు అడిగింది 1945 గురించి కదా, అటు వద్దాం.

జర్మనీలో చివరి వారం పోరు సాగడానికి ఒక పెద్ద కారణం, లొంగిపోవాలా వద్దా అన్నది కాదు, ఎవరికి లొంగిపోవాలన్నది. ఏప్రిల్ 30న హిట్లర్ చనిపోయాక అధికారం నౌకాదళాధిపతి డేనిట్జ్ చేతికి వచ్చింది. వీలైనంత మంది సైనికులు, ప్రజలు సోవియట్ల చేతిలో పడకుండా పడమటికి చేరాలన్నది ఆయన ఎత్తు. అందుకే ముక్కలు ముక్కలుగా లొంగిపోయారు. ఇటలీలోని జర్మన్ సైన్యం మే 2న. వాయవ్య జర్మనీ, హాలండ్, డెన్మార్క్‌లలోని సైన్యాలు బ్రిటిష్ సేనాని మాంట్‌గమరీ ముందు సంతకం పెట్టి మే 5 ఉదయం ఎనిమిదింటికి. తూర్పున మాత్రం యుద్ధం సాగుతూనే ఉంది. పడమటి మిత్రపక్షాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ ఇక చాలన్నాడు. అన్ని రంగాల్లోనూ ఒకేసారి లొంగకపోతే పడమటి దారి మూసేస్తానన్నాడు. అప్పుడు మే 7న ఫ్రాన్స్‌లోని రాన్స్ నగరంలో సంతకం. దాని అమలు మే 8 రాత్రి పదకొండు దాటి ఒక నిమిషానికి. సోవియట్లు తమ ఎదుట, బెర్లిన్‌లో మళ్ళీ సంతకం పెట్టించారు. అప్పటికి మాస్కో గడియారంలో మే 9 వచ్చేసింది. రావుగారి రెండు తేదీల సంగతి అది.

ఆ తర్వాత కూడా చెక్ ప్రాంతంలోని జర్మన్ దళాలు అమెరికా వాళ్ళ వైపు పరుగు తీస్తూ పోరాడాయి. ప్రాగ్‌కు దక్షిణాన మే 11, 12 తేదీల్లో కూడా కాల్పులు జరిగాయి. హాలండ్‌లోని టెక్సెల్ దీవిలో ఇంకో రకం కథ. అక్కడ జర్మన్ సైన్యంలో పనిచేస్తున్న జార్జియా దళం ఏప్రిల్‌లో తిరగబడింది. హాలండ్ అంతా మే 5న ప్రశాంతమైనా ఆ దీవిలో జర్మన్లు, జార్జియన్లు మే 20న కెనడా సైనికులు వచ్చేదాకా ఒకరినొకరు చంపుకున్నారు. ఎవరి చేతికి చిక్కినా చావే అనుకున్నవాడికి మే 8 అన్నది కాగితం మీది అంకె.

సందేహాలరావు
మరి ఆసియా? లొంగిపోతున్నామని జపాన్ చక్రవర్తి రేడియోలో చెప్పాక కూడా అక్టోబరు దాకా ఎందుకు?

విశాఖతీరం
అక్టోబరు దాకా *పోరు* సాగలేదండీ. లాంఛనం సాగింది. దానికి కారణం వింతగా ఉంటుంది. తన ముందు టోక్యో అఖాతంలో ప్రధాన సంతకం అయ్యేదాకా ఎక్కడా లొంగుబాటు పత్రాల మీద సంతకాలు వద్దు, సైన్యాల్ని దించొద్దు అని అమెరికా జనరల్ మెకార్థర్ కట్టడి చేశాడు. సెప్టెంబరు 2న మిస్సోరీ నౌక మీద ఆ తతంగం అయింది. ఆగ్నేయాసియాలో మౌంట్‌బాటెన్ అప్పటిదాకా ఓడలు పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. మలయా మీద దాడికి ముందే వేసిన పథకం ప్రకారం మన భారతీయ డివిజన్లు సెప్టెంబరు 9న అక్కడ తీరంలో దిగాయి, శత్రువు లొంగిపోయాక! బండ్లు మెత్తటి ఇసుకలో, బురదలో కూరుకుపోయాయి. ఎదురు కాల్పులు లేవు కాబట్టి సరిపోయింది. సింగపూర్‌లో సంతకం సెప్టెంబరు 12న. సింగపూర్ వంటి పెద్ద చోట్లకు ముందు ఓడలు వెళ్ళాయి, పోర్ట్ బ్లెయిర్ వంతు అక్టోబరులో వచ్చింది. ఈ మధ్యకాలంలో ఆ దీవుల్లో ఆకలితో అలమటించినవాళ్ళకు యుద్ధం ఎప్పుడు ముగిసిందో వేరే చెప్పాలా?

1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అంతకు రెండు వారాల ముందే అండమాన్ పోయింది. మనకు ఆ ఒక్క రోజు యుద్ధం, ఎదురుగా ఉన్న దీవులకు మూడున్నరేళ్ళు.

తంతివార్త
రేడియో ప్రకటన విషయంలో నాదొక మాట. ఆగస్టు 15 ప్రసంగం ప్రజలకు చేసింది. సైన్యాలకు కాల్పులు ఆపమని ఆజ్ఞ వేరే వెళ్ళాలి. అది ఆగస్టు 16న వెళ్ళింది. మంచూరియా, చైనా, సైగాన్‌లలోని సేనానులు నమ్మరేమోనని రాజకుటుంబీకుల్ని విమానాల్లో పంపారు. రేడియో ఉన్నా మనిషి వెళ్ళి చెప్పాల్సి వచ్చిందంటే, కబురు చేరడం వేరు, దాన్ని నమ్మడం వేరు. నేను ‘కబురు’ అంటే రెండూ కలిపే అంటున్నాను.

పాతపటం
ఇప్పుడు మీరు నా దగ్గరికి వస్తున్నారు! నమ్మాల్సినవాడు, నమ్మకపోతే లాభపడేవాడు ఇద్దరూ ఉంటారు.

సోవియట్ యూనియన్ జపాన్ మీద యుద్ధంలోకి దిగిందే ఆగస్టు 9న. 15 నాటికి వాళ్ళ యుద్ధానికి వారం కూడా నిండలేదు. చక్రవర్తి మాట సాధారణ ప్రకటనే, జపాన్ దళాలు నిజంగా ఆయుధాలు దించలేదు, కాబట్టి మా దాడి సాగుతుందన్నారు. మంచూరియాలో కొంతవరకు అది నిజం కూడా. కానీ ఆగస్టు 18 తెల్లవారుజామున జపాన్‌కు ఉత్తరాన కురిల్ దీవుల్లో షుంషు మీద దిగి, 23 దాకా భీకరంగా పోరాడి, సెప్టెంబరు మొదటి రోజులకల్లా ఆ దీవులన్నీ ఆక్రమించడం కబురు ఆలస్యం వల్ల జరిగిందా? జపాన్ ఉత్తర దీవి హొక్కయిడోలో ఉత్తర సగం కూడా తమకు కావాలని స్టాలిన్ ఆగస్టు 16న అడిగాడు, ట్రూమన్ కాదన్నాడు. ఆ రెండు వారాల్లో పట్టుకున్న దీవుల మీదే ఈనాటికీ రష్యా, జపాన్ మధ్య శాంతి ఒప్పందం లేకుండా ఉండిపోయింది. 1956లో యుద్ధస్థితి ముగిసిందని ఉమ్మడి ప్రకటన చేశారు, అంతే. మోసుల్ కథే, మంచులో.

గోదారిగట్టు
అందరూ పెద్దవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. ఫిలిప్పీన్స్ అడవిలో 1974 దాకా దాక్కున్న జపాన్ సైనికుడు ఒనోడా సంగతి ఎవరూ ఎత్తరేం? కరపత్రాలు వేస్తే శత్రువు మాయ అనుకున్నాడట. చివరికి ఆయన పాత మేజరునే వెతికి తెచ్చి ఆజ్ఞ చదివించాల్సి వచ్చింది.

మాస్టారు_బందరు
ఒనోడా కథ ఆసక్తిగా ఉంటుంది గాని, దానివల్ల అసలు విషయం పక్కకు పోతుంది. ఒంటరి మనిషి మొండితనం ఒక ప్రాంతపు యుద్ధం కాదు. పైగా ఆయన చేతిలో చనిపోయిన లుబాంగ్ దీవి రైతుల్ని ఎవరూ తలచుకోరు. అదే ఏడాది డిసెంబరులో ఇండోనేషియాలో దొరికిన నకమురా ఇంకో జపాన్ సైనికుడు. తైవాన్ ఆదివాసి. ఆయన్ని ఎందరు గుర్తుపెట్టుకున్నారు?

నాకు ఆలోచించదగ్గదిగా కనిపించేది జావా. జపాన్ లొంగిన రెండు రోజులకే, ఆగస్టు 17న, ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. జపాన్ వాళ్ళ ఆయుధాలు తీసుకోవడానికి, బందీల్ని విడిపించడానికి వెళ్ళిన బ్రిటిష్ సైన్యంలో ఎక్కువమంది భారతీయులు. వెనకాల డచ్చివాళ్ళు తమ వలసను తిరిగి పట్టుకోవడానికి వస్తున్నారని అక్కడి యువకులకు తెలుసు. అక్టోబరు 30న సురబయలో బ్రిగేడియర్ మాలబీ చనిపోయాడు, నవంబరు 10న నగరం మీద పూర్తిస్థాయి దాడి మొదలైంది. వీధి వీధికీ పోరు. ప్రపంచ యుద్ధం గెలిచి ఇంటికి రావలసిన మన సిపాయిలు అక్కడ చనిపోయారు. సైగాన్‌లోనూ మన డివిజనే. అక్కడైతే నిన్నటిదాకా శత్రువైన జపాన్ సైనికుల్నే బ్రిటిష్ వాళ్ళు వియత్నాం వాళ్ళ మీదికి ఉపయోగించారు. వీటికి భారతీయ సైన్యాన్ని వాడటాన్ని నెహ్రూ గట్టిగా తప్పుపట్టారు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, రెండు యుద్ధాలకూ ఇంటింటి నుంచీ మనుషుల్ని పంపిన ఊరు, అందుకే మిలటరీ మాధవరం అంటారు. అలాంటి ఊళ్ళలోని ఇళ్ళకు మే 8తోనూ పని లేదు, ఆగస్టు 15తోనూ లేదు. పంపిన మనిషి విడుదలై రైలు దిగిన రోజే వాళ్ళ తేదీ. చాలామందికి అది 1946.

నిశాచరి
చైనాను కూడా చేర్చండి. జపాన్ సైన్యం కమ్యూనిస్టులకు కాకుండా తన మనుషులకే లొంగాలని, అంతదాకా ఉన్నచోటనే ఉండాలని చైనా ప్రభుత్వాధినేత చియాంగ్ కై షేక్ ఆదేశించాడు. షాన్సీ రాష్ట్ర పాలకుడు యెన్ షీషాన్ అయితే కొన్ని వేలమంది జపాన్ సైనికుల్ని తన కొలువులో పెట్టుకున్నాడు. వాళ్ళు 1949 ఏప్రిల్‌లో తైయువాన్ పడిపోయేదాకా పోరాడారు.

సందేహాలరావు
ఆలస్యంగా ముగిసినవే చెబుతున్నారు. ముందే ముగిసినవి కూడా ఉంటాయి కదా?

పాతపటం
బోలెడు. ఉత్తర ఆఫ్రికాలో 1943 మే 13న ట్యునీషియాతో అయిపోయింది, అక్కడ ఇక శత్రువు మిగల్లేదు. ఇథియోపియాలో 1941 నవంబరులోనే ఇటలీ చివరి కోట గోండార్ పడింది. మన ఈశాన్యంలో కోహిమా, ఇంఫాల్ పోరు 1944 జూలై నాటికి ముగిసింది, యుద్ధం బర్మాలోకి జరిగిపోయింది. న్యూగినీ పక్కన రబౌల్‌లో జపాన్ పెద్ద స్థావరం ఉండేది. అమెరికా దాన్ని నేల మీద తాకనే లేదు, చుట్టూ దీవులు పట్టుకుని, పైనుంచి బాంబులు వేస్తూ వదిలేసింది. అక్కడ జపాన్ సైనికులు కూరగాయలు పండించుకుంటూ 1945 సెప్టెంబరు దాకా కూర్చున్నారు.

తారుమారు కేసు ఫిన్లాండ్. సోవియట్లతో యుద్ధం 1944 సెప్టెంబరులో ఆపింది. ఆపడానికి పెట్టిన షరతు ఏమిటంటే తమ దేశంలోని జర్మన్లను వెళ్ళగొట్టడం. దాంతో నిన్నటి స్నేహితుల మీద లాప్లాండ్‌లో కొత్త యుద్ధం, 1945 ఏప్రిల్ దాకా. ఒక సంతకమే ఒక యుద్ధాన్ని ఆపింది, ఇంకోదాన్ని మొదలుపెట్టింది.

సందేహాలరావు
బాగా అర్థమైంది, అందరికీ ధన్యవాదాలు. ఇంతకీ మా తమ్ముడు పరీక్షలో ఏ తేదీ పెట్టాలి?

మాస్టారు_బందరు
ప్రశ్నలో యూరప్ అని ఉంటే మే 8. ఏమీ లేకపోతే సెప్టెంబరు 2. ఇచ్చిన నాలుగు జవాబుల్లో రెండూ ఉంటే ప్రశ్న ఇంకోసారి చదవమనండి. మదీనా, షుంషు అక్కడ రాయొద్దని కూడా చెప్పండి.

విశాఖతీరం
పాతపటం గారి రబౌల్‌కు యూరప్‌లోనూ జోడీ ఉంది. పారిస్ 1944 ఆగస్టులో విముక్తమైంది కదా. అదే ఫ్రాన్స్‌లో డన్‌కర్క్, లోరియాన్, సాన్ నజేర్ రేవులు జర్మన్ల చేతిలోనే ఉండిపోయాయి. మిత్రపక్షాలు చుట్టూ కాపలా పెట్టి ముందుకు వెళ్ళిపోయాయి. డన్‌కర్క్ మే 9న, లోరియాన్ 10న, సాన్ నజేర్ 11న లొంగాయి. అంటే బెర్లిన్ పడిపోయిన వారం తర్వాత కూడా ఫ్రాన్స్‌లో జర్మన్ జెండా ఎగిరింది. రావుగారూ, మీ పట్టికలో ఇవి లేకపోతే చేర్చుకోండి.